స్పైడర్‌మ్యాన్ బొమ్మ: ముందు ఒళ్లు, ఆఖరున గూడు

స్పైడర్‌మ్యాన్ బొమ్మ వేద్దామని కూర్చుంటే చెయ్యి ముందు ముఖం మీదికే పోతుంది. ఒక గుడ్డు, రెండు పెద్ద కళ్లు, వెంటనే సాలెగూడు. ముఖం బ్రహ్మాండంగా కుదురుతుంది. తంటా అంతా మెడ కిందే. భుజాలు కాగితంలో పట్టవు, కాళ్లకి చోటు మిగలదు. చివరికి నడుము దాకా వేసి, "కావాలనే ఇలా వేశా" అని సర్దుకుంటాం. నా పాత డ్రాయింగ్ పుస్తకాల నిండా నడుము దాకా ఉన్న స్పైడర్‌మ్యాన్‌లే.

ఇక్కడ చెప్పే పద్ధతి దానికి తలకిందులు. గూడు గీతలు అన్నిటికన్నా ఆఖరున వస్తాయి. అవి బట్ట మీద అచ్చేసిన పూలు కావు. కింద ఉన్న ఒళ్లు ఎక్కడ గుండ్రంగా ఉందో, ఎటు తిరిగిందో చెప్పేది ఆ గీతలే. ఒళ్లు తప్పుగా ఉంటే గూడు దాన్ని దాచదు సరికదా, వేలు పెట్టి చూపిస్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది: ఎవరి స్పైడర్‌మ్యాన్?

ఈ పాత్ర మొదట అచ్చయింది 1962 ఆగస్టు తేదీతో వచ్చిన అమేజింగ్ ఫాంటసీ కామిక్ 15వ సంచికలో. కథ స్టాన్ లీ, బొమ్మలు స్టీవ్ డిట్కో. డిట్కో గీసిన కుర్రాడు బక్కపలచగా ఉంటాడు. మోకాళ్లు, మోచేతులు ఎటు పడితే అటు మడిచి, గోడకి అంటుకున్న సాలీడులాగే కనిపిస్తాడు. చంకల కింద గూడు వలలా వేలాడుతుంటుంది. 1966లో జాన్ రొమిటా చేతికి వచ్చాక ఒళ్లు కాస్త నిండింది, కొలతలు స్థిరపడ్డాయి. 1988లో టాడ్ మెక్‌ఫార్లేన్ వచ్చేసరికి కళ్లు ముఖాన్ని ఆక్రమించాయి, విసిరే దారం మెలికలు తిరిగి ముద్దగా చుట్టుకున్న సేమియాలా తయారైంది, నడుము మనిషికి సాధ్యం కాని వంపులు పోయింది.

ముగ్గురూ గొప్పవాళ్లే. మొదటి బొమ్మకి మాత్రం రొమిటా తరహా పట్టుకోమంటాను. మెక్‌ఫార్లేన్ వంపులు చూడ్డానికి సరదాగా ఉంటాయి, కానీ మామూలు ఒళ్లు గీయడం వచ్చినవాడికే ఆ విరుపులు కుదురుతాయి. ఎవరిని ఎంచుకున్నా ఎదురుగా పెట్టుకునే నాలుగైదు పేజీలూ ఒకే చిత్రకారుడివి కావాలి. లేదంటే కళ్లు ఒకరివి, కాళ్లు ఇంకొకరివి అయి కూర్చుంటాయి.

గూడంటేనే భయమేస్తే ఇంకో స్పైడర్‌మ్యాన్, మైల్స్ మొరాలెస్‌ని వేసుకోండి. 2011లో వచ్చిన ఈ కుర్రాడి దుస్తులు చాలావరకు నల్లనివి, ఎర్ర గూడు అక్కడక్కడే ఉంటుంది. 2004లో వచ్చిన పవిత్ర్ ప్రభాకర్ ముంబై స్పైడర్‌మ్యాన్, పంచె కడతాడు. గాలిలో ఎగిరే కుచ్చిళ్లు వేయడం మన చేతులకి అలవాటైన పనే. నేను ఇక్కడ చెప్పేది మాత్రం పాత ఎరుపు, నీలం దుస్తుల పీటర్ పార్కర్ గురించి.

సరంజామా

అమెరికన్ కామిక్స్ వేసేవాళ్లు ఎప్పటినుంచో 11 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల పొడవు ఉన్న అట్ట వాడుతున్నారు. అచ్చులో బొమ్మ చిన్నదవుతుంది కాబట్టి చిన్న చిన్న వణుకులు కనబడవు. మనకి దొరికే ఏ3 షీటు దాదాపు అంతే. ఏ4 మీద మొదలుపెట్టకండి. ముఖం బొటనవేలంత అయితే గూడు ఎక్కడ గీస్తారు? కాగితం మందంగా ఉండాలి, 200 జీఎస్ఎమ్‌కి (చదరపు మీటరుకి 200 గ్రాములు) తగ్గకూడదు. పలచటి ఛార్టు సిరా పీల్చి గీత పక్కన వెంట్రుకలు మొలిపిస్తుంది.

ఒక హెచ్‌బీ పెన్సిలు, ఒక 2హెచ్, లేత నీలం రంగు పెన్సిలు ఒకటి, మెత్తటి రబ్బరు. సిరా పెన్నులు 0.1, 0.3, 0.5 మిల్లీమీటర్ల మొనలవి చాలు. నలుపు నింపడానికి 2వ నంబరు గుండ్రటి కుంచె. నీలం పెన్సిలు ఎందుకంటే, వెనకటి అచ్చు కెమెరాలకి లేత నీలం కనబడేది కాదు. అందుకని చిత్రకారులు చిత్తు గీతలన్నీ దాంతో గీసి చెరపకుండా వదిలేసేవాళ్లు. ఇప్పుడు స్కాన్ చేశాక కంప్యూటర్లో నీలాన్ని తీసేయొచ్చు. ఉపయోగం అదే, దారి మారిందంతే.

సిరా నీళ్లకి చెదరకూడదు. ఈ మాట నేను డబ్బులిచ్చి నేర్చుకున్నాను. మూడు సాయంత్రాలు కూర్చుని గూడంతా మామూలు జెల్ పెన్నుతో గీశాను. నాలుగో సాయంత్రం ఎరుపు కలిపి కుంచె పెట్టాను. కుంచె వెళ్లిన దారంతా గూడు కరిగి, ఛాతీ మీద ఉలవచారు ఒలికినట్టయింది. అప్పటినుంచి ఏ పెన్ను కొన్నా ముందు అదే కాగితం ముక్క మీద ఒక గీత గీసి, పది నిమిషాలు ఆగి, తడి వేలితో రుద్ది చూస్తాను.

భంగిమ

పెద్ద షీటు ఇంకా ముట్టుకోకండి. చిత్తు కాగితం మీద అగ్గిపెట్టెంత గళ్లు ఐదారు వేసి, ఒక్కో గడిలో ఒక్కో భంగిమ గీయండి. మొదటి గీత ఒక్కటే: తల నుంచి వెన్ను మీదుగా వెనక కాలి దాకా వెళ్లే వంపు. అది విల్లులా వంగొచ్చు, పాములా మెలిక తిరగొచ్చు, నిటారుగా మాత్రం ఉండకూడదు. బస్సు కోసం నిలబడ్డవాడిలా స్పైడర్‌మ్యాన్‌ని వేస్తే ముసుగున్నా లాభం లేదు.

దారం పట్టుకుని ఊగే భంగిమ వేయాలంటే ఉయ్యాల గుర్తు చేసుకోండి. ఊపు కింది చివరలో ఉన్నప్పుడు తాడు బిగుస్తుంది, బరువు లాగి ఒళ్లు సాగుతుంది. పైకి వెళ్లి ఒక్క క్షణం ఆగినప్పుడు కాళ్లు తేలిపోతాయి, తాడు వదులవుతుంది. కిందున్నప్పుడు గీస్తే నిలువుగా వేలాడే మనిషి వస్తాడు. పైన ఆగిన ఆ క్షణం పట్టుకుంటే ఒక మోకాలు ఛాతీ దగ్గరికి, ఇంకో కాలు వెనక్కి, ఖాళీ చెయ్యి ఎటు కావాలంటే అటు. నేను ఎప్పుడూ ఆ క్షణమే వేస్తాను.

గడిలో బొమ్మ మొత్తం నల్లగా నింపి చూడండి. నీడ చూసి మనిషి ఏం చేస్తున్నాడో తెలిస్తే ఆ భంగిమ పనికొస్తుంది. చేతులూ కాళ్లూ ముద్దలో కలిసిపోతే ఇంకోటి వేయండి. కామిక్ పేజీ మీద పలచటి కాగితం పెట్టి దిద్దడం సాధనకి మంచిదే, తప్పేం లేదు. కానీ ఆ భంగిమ మీది కాదు, "నేనే వేశా" అని చెప్పుకోకూడదు. దానికన్నా ఫోను నేల మీద ఆనించి, టైమరు పెట్టి, మీరే ఆ భంగిమలో కుర్చీ అంచున కూర్చోండి. ఇంట్లోవాళ్లు ఒకసారి వింతగా చూస్తారు, తర్వాత అలవాటు పడతారు.

ఒళ్లు, దాని మీద గాజులు

ఇప్పుడు పెద్ద షీటు మీద, నీలం పెన్సిలుతో. మామూలు మనిషి ఎత్తు ఏడున్నర తలలు, కామిక్ వీరులకి ఎనిమిది తలలో ఇంకాస్తో ఇస్తారు. పీటర్‌కి ఎనిమిది చాలు. ఈ కామిక్స్ వేసే మార్వెల్ సంస్థ లెక్క ప్రకారం అతని ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, బరువు 167 పౌండ్లు, అంటే దాదాపు 76 కిలోలు. పహిల్వాన్ కాదు, జిమ్నాస్ట్. మెడ సన్నగా, నడుము సన్నగా, భుజాలు మాత్రం కొద్దిగా విశాలంగా వేయండి.

తల ఒక గుడ్డు. పక్కటెముకల గూడు బోర్లించిన కుండ. తుంటి భాగం ఒక గిన్నె. కుండ ఒకవైపు ఒరిగితే గిన్నె రెండోవైపు ఒరగాలి, ప్రాణం అక్కడే వస్తుంది. చేతులూ కాళ్లూ గొట్టాలు. ఇక్కడ ఒక పని చేయండి, తర్వాత సగం శ్రమ తగ్గుతుంది. ప్రతి గొట్టానికీ గాజులు తొడిగినట్టు నాలుగైదు చుట్లు గీయండి.

మోచెయ్యి మన వైపు వస్తుంటే గాజుల నోళ్లు మనకి కనబడతాయి, దాదాపు గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు దగ్గర దగ్గరగా. చెయ్యి పక్కకి చాచి ఉంటే గాజులు సన్నటి వంపులై దూరం దూరంగా ఉంటాయి. చెయ్యి మన కంటికన్నా పైనుంటే వంపు పైకి, కిందుంటే వంపు కిందికి. చెయ్యి ఎత్తి అద్దం ముందు నిలబడిన ఎవరి గాజులు చూసినా ఇది తెలుస్తుంది. తర్వాత గూడు అడ్డగీతలు సరిగ్గా ఈ గాజుల దారిలోనే వెళ్తాయి. ఇప్పుడు గాజులు తప్పితే అప్పుడు చెయ్యి పలకలా కనిపిస్తుంది.

దారం విసిరే చెయ్యి అందరూ చూసేదే: మధ్యవేలు, ఉంగరం వేలు అరచేతిలోకి మడిచి, చూపుడు వేలు, చిటికెన వేలు చాచి, బొటనవేలు పక్కకి. పాత కథల్లో దారం మణికట్టుకి కట్టుకున్న యంత్రం నుంచి వస్తుంది, మీట అరచేతిలో ఉంటుంది, ఆ రెండు వేళ్లు నొక్కేది దాన్నే. మడిచిన వేళ్ల కొనలు అరచేతి మధ్యకి తగలాలి, పిడికిలి బిగించినట్టు ఉండకూడదు. ఈ చెయ్యి చూసేవాళ్ల వైపు వస్తుంటే భయపడకుండా తలకన్నా పెద్దగా వేయండి.

అయ్యాక షీటుని ట్యూబులైటుకి అడ్డంగా పట్టుకుని వెనకనుంచి చూడండి. ఒక కాలు పొట్టి, ఒక భుజం జారిపోయింది, ఇలాంటివన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. చెరపడానికి ఇదే ఆఖరి అవకాశం.

ముసుగు, దుస్తులు

హెచ్‌బీతో అసలు గీతలు. గుడ్డు మీద నిలువు మధ్యగీత, అడ్డ మధ్యగీత వేయండి. తల తిరిగి ఉంటే ఈ రెండూ వంగుతాయి. కళ్లు అడ్డగీత మీద కూర్చుంటాయి. లోపలి మూలలు మధ్యగీతకి దగ్గరగా, కిందికి దిగి, బయటి మూలలు కణతల వైపు వెడల్పై పైకి లేస్తాయి. చుట్టూ నల్ల అంచు మందంగా. ఇతనికి నోరు కనబడదు, కనుబొమలు లేవు. కోపం, ఆశ్చర్యం, అలసట అన్నీ ఈ రెండు తెల్లటి ఆకారాల నుంచే రావాలి. అందుకే కామిక్ చిత్రకారులు నిజం గుడ్డ ముసుగులో కుదరదని తెలిసీ ఆ కళ్లని చిన్నవి చేస్తారు, పెద్దవి చేస్తారు. మీరూ చేయండి.

ముసుగు, ఛాతీ, నడుము పట్టీ, చేతి తొడుగులు, బూట్లు ఎరుపు. చంకల కింది నుంచి పక్కలు, తొడలు నీలం. గూడు ఎరుపు మీదే ఉంటుంది, నీలం మీద ఉండదు. హద్దులు ఇప్పుడే పెన్సిలుతో గీసి, నీలం భాగంలో చిన్న గుర్తు పెట్టుకోండి. సిరా పట్టిన ఉత్సాహంలో తొడల మీద కూడా గూడు అల్లేసినవాళ్లని చూశాను.

వెనక దృశ్యం కూడా ఈ దశలోనే. న్యూయార్క్ అని తెలియడానికి మూడే వస్తువులు చాలు: ఇటుక గోడ, దానికి వేలాడే ఇనుప మెట్లు, డాబా మీద శంకువులాంటి మూతతో కొయ్య నీళ్ల ట్యాంకు. నల్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టారంటే స్పైడర్‌మ్యాన్ కూకట్‌పల్లికి వచ్చేస్తాడు. ఆ బొమ్మ కూడా బాగుంటుంది కానీ అది వేరే సంగతి. పై నుంచి చూస్తున్నట్టయితే భవనాల గీతలన్నీ కిందికి వెళ్తూ దగ్గరవ్వాలి.

సిరా

0.5తో బయటి గీత, 0.3తో లోపలి మడతలు. ఒళ్లు బరువు మోపిన వైపు, వెలుగు పడని వైపు గీత మందం కావాలి, వెలుగు వైపు సన్నబడాలి. ఒకే మందంతో చుట్టూ గీస్తే రంగులు నింపే పిల్లల పుస్తకంలా ఉంటుంది. బాపు బొమ్మలు ఇంట్లో ఉంటే ఒకసారి తీసి చూడండి, ఒక్క గీత భుజం దగ్గర ఎంత లావెక్కి నడుము దగ్గర ఎలా సన్నబడుతుందో.

నీలం భాగాల్లో నలుపు ధారాళంగా నింపండి. మొదట్లో ఈ దుస్తులు నలుపు, ఎరుపే అంటారు. నల్లటి బట్ట మీద మెరుపు చూపించడానికి కామిక్స్‌లో నీలం వాడేవాళ్లు, పోనుపోను ఆ మెరుపే అసలు రంగైపోయింది. కాబట్టి తొడలో సగం నల్లగా ఉన్నా తప్పు లేదు, అందమే.

ఎండాకాలంలో అయితే చేతి కింద ఒక కాగితం ముక్క వేసుకోండి, చెమట షీటుకి అంటితే అక్కడ సిరా పట్టదు.

గూడు

ఇంతసేపు ఆగింది దీనికోసమే. తొందరపడొద్దు. నాకు ఒక్క ముఖానికే గంటన్నర పడుతుంది.

ముందు 2హెచ్ పెన్సిలుతో. రెండు కళ్ల మధ్య, ముక్కు దూలం దగ్గర చుక్క పెట్టండి. ముసుగు గూడంతటికీ కేంద్రం అది. చుక్క నుంచి నెత్తి మీదికి ఒకటి, గడ్డం కిందికి ఒకటి, ఎడమకి ఒకటి, కుడికి ఒకటి. ఎడమ, కుడి గీతలు కంట్లోకి వెళ్లి ఆగుతాయి, కన్ను అవతల మళ్లీ అదే దారిలో మొదలవ్వాలి. స్కేలు పెట్టకుండా కంటితోనే ఆ దారి కలపండి. ఇప్పుడు ప్రతి జాగాని సగం చేస్తే ఎనిమిది, మళ్లీ సగం చేస్తే పదహారు. బండి చక్రం ఆకుల్లా ఉంటాయి, కానీ చక్రం బల్లపరుపు, తల గుండ్రం. కాబట్టి నేరుగా ఉన్న నిలువు గీత తప్ప మిగతావన్నీ గుమ్మడికాయ చారల్లా వంగాలి. ముఖం అంచు దగ్గరయ్యేకొద్దీ చారల మధ్య జాగా ఇరుకవుతుంది.

తర్వాత అడ్డదారాలు. ఒక ఆకు నుంచి పక్క ఆకుకి కట్టిన దండెం తాడులా ప్రతి దారమూ కుంగాలి, కుంగేది కేంద్రం వైపుకి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. వంపు బయటికి పెడితే సాలెగూడు కాస్తా చామంతి పువ్వవుతుంది. మొదటి చుట్టు కేంద్రానికి చాలా దగ్గరగా, రెండోది కాస్త ఎడంగా, మూడోది ఇంకాస్త. ముఖం పక్కకి తిరిగే చోట మళ్లీ దగ్గరవుతాయి. రెండు పక్కల దారాలు ఆకు మీద ఒకే చోట కలవాలి.

పెన్సిలు గూడు కళ్లు చిట్లించి దూరం నుంచి చూడండి. ముఖం బంతిలా ఉబ్బినట్టు కనిపిస్తే 0.1 పెన్ను తీయండి. కేంద్రం నుంచి బయటికి ఒకే లాగులో గీయండి. మణికట్టు తిప్పకుండా కాగితాన్ని తిప్పండి. గీతలు కలిసే ప్రతి ముడి దగ్గరా పెన్ను ఒక్క క్షణం ఆపితే చిన్న నల్లచుక్క తేలుతుంది, గూడుకి బిగువు వస్తుంది. వెలుగు సూటిగా పడే చోట, నుదుటి మీదో చెంప ఎముక మీదో, గీతలు మధ్యలో తెంచేయండి. పూర్తి నీడలో గూడు గీయనక్కర్లేదు.

ఛాతీ మీద నిలువు గీతలు మెడ నుంచి దిగి, నడుము దగ్గర ఇరుకవుతాయి. అడ్డదారాలు ఎటు కుంగాలో మీ ముందున్న పేజీ చూసి, ఒళ్లంతా అదే దిక్కు పాటించండి. చేతుల మీద పొడుగు గీతలు వేసి, గాజుల దారిలో చుట్లు తిప్పండి. వేలికి మూడు నాలుగు చిన్న చుట్లు చాలు. ఎరుపు భాగం మొత్తానికీ రెండు సాయంత్రాలు కేటాయించుకోండి, ఒకే ఊపులో కూర్చుంటే మోకాలి దగ్గరికొచ్చేసరికి గీతలు నిద్రపోతాయి.

రంగు

పోస్టర్ కలర్లు చిక్కగా వేస్తే గూడుని మింగేస్తాయి. నీళ్లు ఎక్కువ కలిపి పలచగా పూయండి. చిక్కటి రంగే కావాలంటే వరస మార్చాలి: ఎరుపు ముందు పూసి, బాగా ఆరాక దాని మీద గూడు. ఎరుపుకి స్కార్లెట్, దాని నీడకి క్రిమ్సన్. నీడ కోసం ఎరుపులో నలుపు కలిపితే బురదవుతుంది. నీలానికి అల్ట్రామెరైన్, నీడకి ప్రష్యన్ బ్లూ. కళ్లు కాగితం తెలుపే, తెల్లరంగు పూయొద్దు.

ఫోనులోనో కంప్యూటర్లోనో రంగు వేస్తే 600 డీపీఐలో స్కాన్ చేసి, గీతల పొరని పైన మల్టిప్లైలో (తెలుపు మాయమై గీతలే కనబడే అమరికలో) పెట్టి, కింద రంగులు నింపండి. కంప్యూటర్‌కి క్రిత అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఫోనుకి ఐబిస్ పెయింట్ సరిపోతుంది.

సంతకం పెట్టేముందు

మూలన మీ పేరు, తేదీ. పక్కనే చిన్న అక్షరాల్లో "పాత్ర సృష్టి: స్టాన్ లీ, స్టీవ్ డిట్కో" అని రాయండి, పోయేదేం లేదు. పాత్ర హక్కులు మార్వెల్‌వి, 2009లో ఆ సంస్థని డిస్నీ కొనుక్కుంది. మన 1957 కాపీరైట్ చట్టం సొంత వాడకానికి కొంత వెసులుబాటు ఇస్తుంది. గోడకి పెట్టుకోవడం, కానుకగా ఇవ్వడం వేరు, టీషర్టుల మీద అచ్చేసి అమ్మడం వేరు. అమ్మాలంటే అనుమతి కావాలి.

ఛాతీ మీది సాలీడు గుర్తు కాళ్లు ఒకసారి లెక్కపెట్టుకోండి. మా మేనల్లుడి పుట్టినరోజుకి ఫ్రేము కట్టించి మరీ ఇచ్చాను. వాడు చేతిలోకి తీసుకుని, గూడు చూడలేదు, చెయ్యి చూడలేదు, వేలు పెట్టి లెక్కపెట్టి, "మామయ్యా, దీనికి ఏడే ఉన్నాయేంటి?" అన్నాడు. అద్దం విప్పి, 0.1 పెన్నుతో ఎనిమిదోది అక్కడే గీశాను.